జర్మన్ పరీక్షల్లో ఏది రాయాలి? వైజాగ్ వాళ్లు ఇలా తేల్చుకోండి

ద్వారకానగర్ వీధుల్లో ఐఈఎల్‌టీఎస్ బోర్డుల పక్కన ఇప్పుడు జర్మన్ బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. మెట్లెక్కి వెళ్లినవాళ్లు ముందు ఫీజెంతో అడుగుతారు, తర్వాత ఎన్ని నెలలో అడుగుతారు. చేరిన కొన్నాళ్లకు మూడో ప్రశ్న వస్తుంది: "గోథె ఈజీనా, టెల్క్ ఈజీనా?" గోథె, టెల్క్ అంటే జర్మన్ భాషకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు. ఒకే స్థాయిలో ఈ రెండింటి పరీక్షలకీ కష్టంలో పెద్ద తేడా ఉండదు. అడగాల్సింది వేరే ఉంది. మీ సర్టిఫికెట్‌ని ఎవరు చూస్తారు? అది తేలితే పరీక్ష పేరు సగం తేలినట్టే.

1. సర్టిఫికెట్ ఎవరికి చూపించాలో తేల్చుకోండి

జర్మనీలో ఉన్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లేవాళ్లకు మామూలుగా ఎ1 చాలు (భాషా స్థాయిలు ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు, ఎ1 మొదటిది). అవతలివారి దగ్గర బ్లూ కార్డ్ (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) ఉంటే ఆ షరతు కూడా లేదు. ఇది తెలియక పెళ్లయిన వారానికే కోచింగ్‌లో చేరిపోయేవాళ్లున్నారు. భాష నేర్చుకోవడం మంచిదేగానీ వీసా కోసమే అయితే ముందు అవతలివారి పర్మిట్ మీద ఏం రాసుందో చూడమనండి.

ఉద్యోగం వెతుక్కోవడానికి ఆపర్చునిటీ కార్డ్ మీద వెళ్లేవాళ్లకు జర్మన్ ఎ1 గానీ ఇంగ్లీష్ బి2 గానీ ఉండాలి. 2024 జూన్‌లో మొదలైన ఈ పద్ధతిలో ఆరు పాయింట్లు కావాలి. జర్మన్ ఎ2కి ఒకటి, బి1కి రెండు, బి2కి మూడు వస్తాయి. పాయింట్లు అంచుల మీద ఉన్నవాళ్లు ఎ1తో ఆగకపోవడమే మంచిది.

రుషికొండ ఐటీ కంపెనీల నుంచి నేరుగా బ్లూ కార్డ్ మీద వెళ్లేవాళ్లను వీసా దగ్గర జర్మన్ అడగరు. అక్కడ శాశ్వత నివాసానికి మాత్రం భాష పనికొస్తుంది. బి1 ఉంటే 21 నెలలకు, ఎ1 స్థాయే అయితే 27 నెలలకు దానికి అర్హత వస్తుంది.

నర్సుల విషయంలో జాగ్రత్త కావాలి. మన నర్సింగ్ చదువుకు అక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే ఎక్కువ చోట్ల బి2 అడుగుతారు. మామూలు బి2 కాకుండా టెల్క్‌లో నర్సింగ్ కోసమే బి1-బి2 పరీక్ష ఒకటుంది. మార్కుల్ని బట్టి బి1 గానీ బి2 గానీ ఇస్తారు. మీకు ఉద్యోగమిచ్చే ఆసుపత్రి, అది ఉన్న జర్మన్ రాష్ట్రపు గుర్తింపు కార్యాలయం ఏది ఒప్పుకుంటాయో ఈమెయిల్‌లో అడగండి. ఏజెంట్ ఫోన్‌లో చెప్పిన మాట మీద ఫీజు కట్టకండి. ఈమెయిల్ ఉంటే రేపు ఎవరూ మాట మార్చలేరు.

ఎంబీబీఎస్ వాళ్లు ఇక్కడ బి2 చేస్తే చాలావరకు సరిపోతుంది. ఆ పైన వైద్య జర్మన్ పరీక్ష అక్కడే రాయాలి.

ఇక విద్యార్థులు. ఇంగ్లీష్‌లో జరిగే మాస్టర్స్‌కి చాలాచోట్ల జర్మన్ సర్టిఫికెట్ అడగరు, ఐఈఎల్‌టీఎస్ లాంటిది చూస్తారు. జర్మన్‌లో జరిగే కోర్సు అయితే యూనివర్సిటీ చదువు కోసమే పెట్టే టెస్ట్‌డాఫ్‌లో నాలుగు భాగాల్లోనూ టీడీఎన్ 4 గ్రేడు, లేదా డీఎస్‌హెచ్-2, టెల్క్ సి1 హోఖ్‌షూలె, గోథె సి2 వంటివి అడుగుతారు. గోథె సి1ని కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. కోర్సు పేజీలో ఉన్న జాబితా ఒక్కటే ప్రమాణం. డీఎస్‌హెచ్‌ని జర్మనీ యూనివర్సిటీలు తమ దగ్గరే పెట్టుకుంటాయి కాబట్టి ఇక్కడినుంచి దాని గురించి టెన్షన్ వద్దు. ఏపీఎస్ అని ఇంకోటి వినిపిస్తుంది. అది భాషా పరీక్ష కాదు, మీ డిగ్రీ కాగితాల పరిశీలన. 2022 నవంబరు నుంచి స్టూడెంట్ వీసాకు తప్పనిసరి.

2. స్థాయికి సరిపడా సమయం ఉందో లేదో చూడండి

గోథె వాళ్ల లెక్కలో ఎ1కి 80 నుంచి 200 పీరియడ్లు, బి1కి మొత్తం 350 నుంచి 650, బి2కి 600 నుంచి 800. ఒక్కో పీరియడ్ 45 నిమిషాలు. "మూడు నెలల్లో బి2" అని ఎవరైనా అంటే వారానికి ఎన్ని పీరియడ్లు చెబుతారో అడిగి గుణించి చూడండి. లెక్క తేలకపోతే మర్యాదగా లేచి వచ్చేయండి.

ఇంకో మాట. కోచింగ్ సెంటర్ ఇచ్చే కోర్సు పూర్తి సర్టిఫికెట్‌తో వీసా రాదు. గోథె, టెల్క్, ఓఎస్‌డీ వంటి పరీక్షా సంస్థ ఇచ్చినది కావాలి.

3. పరీక్ష తీరు మీకు నప్పుతుందా?

రెండు మూడు పరీక్షలూ చెల్లుతాయి అన్నప్పుడు మీ బలం ఎక్కడుందో చూసి ఎంచుకోవాలి.

గోథె బి1, బి2లలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు మాడ్యూళ్లు. ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాయొచ్చు. ఎ1, ఎ2లకు ఈ వెసులుబాటు లేదు, పరీక్ష మొత్తం ఒకటే. టెల్క్‌ బి1, బి2లలో రాతపరీక్ష ఒకటి, మాట్లాడే పరీక్ష ఒకటి. దేంట్లో తప్పితే అది మళ్లీ రాస్తే సరి.

బి2లో రాసే భాగాన్నే తీసుకోండి. గోథెలో 75 నిమిషాలు ఇచ్చి రెండు రాయమంటారు: ఏదో ఒక చర్చ మీద మీ అభిప్రాయం సుమారు 150 పదాల్లో, ఆఫీసు తరహా సందేశం సుమారు 100 పదాల్లో. టెల్క్‌లో అరగంటలో ఒక ఉత్తరం రాస్తే అయిపోతుంది. కానీ వ్యాకరణం, పదజాలం మీద ఖాళీలు పూరించే భాగం విడిగా ఉంటుంది. గోథెలో అలాంటి విడి భాగం లేదు. ఇంటర్ నుంచీ బిట్ పేపర్లు చేసి చేయి తిరిగిన మనవాళ్లకు టెల్క్ కాస్త అనుకూలం అనుకుంటాను. నిదానంగా ఆలోచించి రాసే అలవాటున్నవాళ్లకు గోథె నయం.

టెస్ట్‌డాఫ్‌లో మాట్లాడే భాగానికి ఎదురుగా మనిషి ఉండడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, తెర మీద టైమర్ పరుగెడుతుంటే మైకులో మాట్లాడాలి. ఎగ్జామినర్ ముఖం చూస్తే గొంతు తడారిపోయేవాళ్లకు ఇది హాయి. తల ఊపుతూ వినేవాళ్లు ఎదురుగా ఉంటేనే మాట వచ్చేవాళ్లు నలుగురితో కలిసి అభ్యాసం చేసి సరిపెట్టుకోకుండా, ఫోన్లో రికార్డ్ చేసుకుంటూ అలవాటు పడాలి.

ఓఎస్‌డీ ఆస్ట్రియా వాళ్లది. బి1 పరీక్షను గోథెతో కలిసి తయారు చేశారు కాబట్టి ఆ స్థాయిలో రెండింటికీ తేడా వెతకక్కర్లేదు.

ఎ1 రాసేవాళ్లకు ఒక చిన్న తయారీ. మాట్లాడే భాగం మొదట్లో పేరు, వయసు, ఊరు, భాషలు చెప్పి పరిచయం చేసుకోవాలి. ఆ వెంటనే ఏదో ఒక మాట స్పెల్లింగ్ చెప్పమంటారు, ఒక నంబరు అడుగుతారు. మన ఇంటిపేర్ల పొడవు తెలిసిందేగా! విశాఖపట్నం అని చెప్పాల్సి వస్తే "ఫౌ, ఈ, ఎస్, ఆ, కా, హా..." అంటూ వెళ్లాలి. అక్కడ నోట్లోంచి ఇంగ్లీష్ "వీ" ఊడిపడుతుంది. మీ పేరు, మీ ఊరు, ఫోన్ నంబరు ఆగకుండా వచ్చేదాకా పలకండి.

4. సెంటర్, రైలు, తేదీ

గోథె పరీక్షకు వైజాగ్ నుంచి ఎక్కువగా హైదరాబాద్ గోథె జెంట్రుమ్‌కో చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్‌కో వెళతారు. బయటి అభ్యర్థులకు సీట్లు త్వరగా అయిపోతాయి, కాబట్టి బుకింగ్ తెరిచే తేదీ ముందే కనుక్కోండి. టెల్క్ అయితే, మీకు చెప్పిన సెంటర్ పేరు టెల్క్ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. "పాస్ గ్యారంటీ" అన్నచోట అసలు కట్టకండి. నకిలీ అని తేలితే వీసా కూడా పోతుంది.

పరీక్ష ఉదయాన్నే అయితే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా హాలుకి పరుగెత్తే ప్లాన్ వద్దు. ఒకరోజు ముందే చేరండి. సంక్రాంతి, దసరా దగ్గర్లో తేదీ పడితే ముందు రైలు టికెట్, ఆ తర్వాత పరీక్ష ఫీజు.

5. ఫారం నింపేటప్పుడు

పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, అంతా కలిపి ఒకే గడిలో ఉందా చూసుకోండి. పదో తరగతి మెమోలో ఉన్న ఇనీషియల్ ఇక్కడ పనికిరాదు. పరీక్షరోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి.

గోథె సర్టిఫికెట్‌కి, టెస్ట్‌డాఫ్‌కి గడువు లేదు. అయినా అడిగేవాళ్లు తాజాది కావాలనొచ్చు, రెండేళ్లు దాటినదాన్ని తీసుకోని చోట్లున్నాయి. అందుకని వీసా అపాయింట్‌మెంట్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి: ఫలితానికి కొన్ని వారాలు, తప్పితే మళ్లీ రాయడానికి ఇంకో తేదీ, ఆ ఫలితానికి మళ్లీ కొన్ని వారాలు. ఆ లెక్కలో వచ్చిన తేదీకే మొదటి పరీక్ష బుక్ చేసుకోండి.