హిల్మా బొమ్మ చూడాలంటే డాబా ఎక్కండి

ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆఖరేడు పదో తరగతి పిల్లలకి స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ బొమ్మలు నా ఫోనులో చూపించా. ఫోను బెంచీ బెంచీ తిరిగొచ్చింది. "బాగుంది మేడమ్, దుప్పటి డిజైనా?" అంది ఒక పిల్ల. తప్పు దానిది కాదు, పదడుగుల బొమ్మని అరచేతిలో పెట్టి చూపించిన నాది. ఆ తర్వాత నా తిప్పలు నేను పడి కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను. నైరూప్య చిత్రాలంటే, అదే ఫలానా వస్తువని పోల్చుకోలేని బొమ్మలంటే, భయపడేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ముందు ఒక టేపూ, కిలోన్నర ముగ్గుపిండీ తీసుకుని డాబా మీదికి వెళ్లండి. ఎండ రాకముందే వెళ్లాలి. పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు ఎనిమిదికి కొంచెం తక్కువ, ఆ కొలతకి గీత గియ్యండి. 1907 అక్టోబరు, డిసెంబరు మధ్య హిల్మా వేసిన 'పది పెద్ద చిత్రాల్లో' ఒక్కోటీ ఇంచుమించు అంత ఉంటుంది. పచ్చసొన కలిపిన రంగులతో కాగితం మీద వేసింది. ఆ కాగితాన్ని తర్వాత కాన్వాసుకి అతికించారు. ఒక్కో బొమ్మకి నాలుగు రోజులు. అప్పటికి ఆవిడకి నలభై ఐదేళ్లు.

ఇప్పుడు ఆ గీతల మధ్య నిలబడి ఒక మెలిక ముగ్గు మొదలుపెట్టండి, నత్తగుల్లలా లోపల్నుంచి బయటికి. రెండో చుట్టు దాకా మణికట్టు చాలు. మూడో చుట్టుకి భుజం కావాలి. నాలుగోదానికి లేచి నడవాలి, నడుం వంచే నడవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు నాలుగో చుట్టులో నా కాలే గీతని తుడిచేసింది, మళ్లీ మొదలుపెట్టాను. హిల్మా కూడా ఆ పెద్ద కాగితాల్ని నేల మీద పరిచి వేసిందంటారు. ముందు చిత్తుగీతలు లేకుండా, వేసిన గీతని దిద్దకుండా చకచకా సాగిపోయానని తనే రాసుకుంది. అదెంత మాటో నడుం పట్టేశాక తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ముగ్గుతో కొలిచాం కదాని ఆవిడ మన ముగ్గులు చూసి వేసిందనొద్దు, ఇవన్నీ మనం పూజలో పెట్టుకునే యంత్రాల గీతల్లో ఎప్పుడో ఉన్నాయనీ అనొద్దు. ఎవరేం చేసినా మనదే అనడం మనకొక జబ్బు. ముగ్గు ఇక్కడ కొలబద్ద, అంతే.

తర్వాత రంగులు. ఇక్కడ మనకి అలవాటైన లెక్క ఒకటి వదిలెయ్యాలి. ఆడపిల్లకి గులాబీ, మగపిల్లాడికి నీలం అని బారసాల నుంచే నేర్పేస్తున్నాం. హిల్మా లెక్కలో నీలం స్త్రీ, పసుపు పురుషుడు. రెండూ కలిస్తే ఆకుపచ్చ, ఐక్యతకి గుర్తు. లిల్లీ స్త్రీ వైపు, గులాబీ పువ్వు పురుషుడి వైపు. 'యు' అక్షరం ఆత్మకి, 'డబ్ల్యు' పదార్థానికి. నత్త చుట్ట ఎదుగుదలకి. ఇంతకంటే ఎక్కువ బట్టీ పట్టకండి, బొమ్మ క్రాస్‌వర్డ్ పజిల్ అయిపోతుంది.

పది పెద్ద చిత్రాలూ కలిపి మనిషి జీవితంలోని నాలుగు దశలు. వాటిలో నేపథ్యం రంగుని మాత్రం పట్టుకోండి. బాల్యం రెండు బొమ్మలు, ముదురు నీలం. యౌవనం రెండు, నారింజ. నడివయసుకి నాలుగు, లేత ఊదా. వృద్ధాప్యం రెండు, వెలిసిన గులాబీ. బాల్యంలో పూలు కిక్కిరిసి ఉంటాయి. పదోదానికి వచ్చేసరికి గజిబిజి పోయి, కింద గళ్లు, చుట్టూ ఖాళీ. నడివయసుకి రెట్టింపు చోటిచ్చిందని నాకు చాలా ఇష్టం. కథల్లో ఆడదానికి యౌవనం అయిపోగానే తల్లి వేషమిచ్చి మూలన కూర్చోబెడతారు. ఇక్కడ అన్నిటికంటే పెద్ద పసుపు పువ్వు ఏడో బొమ్మలో, నడివయసులో విచ్చుకుంటుంది.

ఇక అందరూ అడిగేది: ఆవిడ ఆత్మలతో మాట్లాడేదట కదా? మాట్లాడానని ఆవిడే రాసింది. 1896 నుంచి ఐదుగురు ఆడవాళ్లు, హిల్మా, ఆనా కాసెల్, కార్నీలియా సెడర్‌బెర్గ్, సీగ్రిడ్ హేడ్‌మన్, మథిల్డా నీల్సన్, శుక్రవారాలు కలిసేవాళ్లు. ప్రార్థన, బైబిలు చదువు, ఆపైన పెన్సిలు దానంతటది నడిచినట్టు గీతలు, అన్నీ నోటుపుస్తకాల్లో. వాళ్లతో మాట్లాడిన ఆత్మల్లో అమాలియల్ అనే గురువు 1906లో గుడి కోసం బొమ్మలు వెయ్యమన్నాడట. 1915 దాకా 193 అయ్యాయి.

ఇక్కడ ఎగతాళీ చెయ్యకండి, దణ్ణమూ పెట్టకండి. జాతరలో పూనకం చూసినవాళ్లకి నేను చెప్పేది తేలిగ్గా అందుతుంది. మా వీధిలో ఒకావిడ ఉండేది. మామూలు రోజుల్లో అత్తగారి ముందు నోరెత్తదు. అమ్మవారు పూనితే వీధి మొత్తాన్ని కడిగేసేది, పెద్దమనుషులు చేతులు కట్టుకుని వినేవాళ్లు. మాట ఆవిడదా అమ్మవారిదా అన్నది నేను తేల్చలేను. ఆ మాటకి చోటు మాత్రం అలాగే దొరికింది. హిల్మా 1882 నుంచి 1887 దాకా స్టాక్‌హోమ్ రాయల్ అకాడమీలో చదివింది. ప్రకృతి దృశ్యాలూ, మనుషుల బొమ్మలూ అమ్ముకుంది, పశువైద్య సంస్థకి బొమ్మలు గీసింది. చెయ్యి తిరిగిన మనిషే, అయినా పదడుగుల కాగితం మీద మనిషి జీవితమంతా వెయ్యమని అప్పట్లో ఒక ఆడమనిషిని అడిగేదెవరు? అడిగేవాడు పైనుంచి వచ్చాడు. ఆ గురువులకి తను గుడ్డిగా లోబడనక్కర్లేదనీ, వాళ్లు పక్కన నిలబడి ఉన్నారనుకుంటే చాలనీ ఆవిడే రాసుకుంది. ఆవిడ ఆధ్యాత్మికతనీ స్త్రీవాదాన్నీ రెండు డబ్బాల్లో పెట్టలేకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే. పైగా పక్కనున్న ఆడవాళ్ల చేతులూ కొన్ని బొమ్మల్లో పడ్డాయని ఈ మధ్య పరిశోధకులు అంటున్నారు. ఒంటరి మేధావి కథ కంటే ఆ మాటే నాకు నమ్మబుద్ధేస్తుంది.

1908లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆధ్యాత్మిక బోధకుడు ఆవిడ బొమ్మలు చూసి పెదవి విరిచాడనీ, అందుకే నాలుగేళ్లు కుంచె ముట్టలేదనీ చెప్పే కథ మీకు తగులుతుంది. ఆ రోజుల్లోనే ఆవిడ తల్లికి చూపు పోయింది, చూసుకోవాల్సింది హిల్మాయే. నాలుగేళ్లు ఎటు పోయాయో మంచాన పడ్డవాళ్లకి సేవ చేసినవాళ్లని అడగండి. స్టైనర్ విషయంలో మన మదనపల్లె కూడా తగులుతుంది. అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్లు జగద్గురువుగా నిలబెడుతుంటే, అది ఒప్పుకోకే స్టైనర్ అందులోంచి విడిపోయి ఆంత్రొపాసఫీ అనే తన ఆధ్యాత్మిక మార్గానికి సంఘం పెట్టుకున్నాడు. 1920లో హిల్మా అందులో చేరింది.

ఆఖరుగా హంసలు. 1914, 15ల్లో వేసినవి, 24. అన్నీ చిన్న కాగితాల మీద ప్రింటు తీయించి వరండాలో వరసగా పరచండి, గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టుకోండి. ఒకటి చూసి ఇంకోదానికి ఎగరకూడదు, వరస ముఖ్యం. మొదటిదాంట్లో నలుపు మీద తెల్ల హంస, తెలుపు మీద నల్ల హంస, ముక్కూ ముక్కూ ఆనించి ఉంటాయి. పోట్లాటో ముద్దో మీరే చూసుకోండి. పోనుపోను రెక్కలు కరిగి గీతలవుతాయి, గీతలు గుండ్రాలవుతాయి. పదిహేడోదాంట్లో హంస జాడే లేదు, ఎర్రటి నేల మీద ఒక వలయం. చాలామంది అక్కడే లేచిపోతారు. ఇంకో ఏడున్నాయి, కూర్చోండి. ఇరవై నాలుగోదాంట్లో హంసలు తిరిగొస్తాయి, ఈసారి పెనవేసుకుని.