మర బిగించిన చోట నీళ్లు కారకూడదంటే

కుళాయి కొత్తది, బిగించడమూ గట్టిగానే బిగించారు, అయినా మరల దగ్గర చుక్క నిలుస్తోంది. అప్పుడు ఎవరికైనా తోచేది రెంచి తీసుకుని ఇంకో చుట్టు తిప్పడమే. దయచేసి ఆగండి, పగుళ్లు చాలావరకు ఆ ఇంకో చుట్టుతోనే వస్తాయి.

రెండు మరలు ఎంత బిగిసినా వాటి అంచులకీ గాడులకీ మధ్య సన్నటి సందు మిగులుతుంది, అది మెట్లు తిరిగినట్టు తిరుగుతూ పైపు లోపలి నుంచి బయటిదాకా వస్తుంది, నీళ్లకి ఆ దారి చాలు. మర మీద చుట్టే పల్చటి తెల్ల టేపు, అంటే టెఫ్లాన్ టేపు, ఆ సందుని నింపుతుంది. అది జారుడుగా ఉంటుంది కాబట్టి మర కూడా సులువుగా ఇంకాస్త లోపలికి వెళ్తుంది.

అయితే మర కనిపించిన ప్రతిచోటా టేపు చుట్టకండి. వాష్‌బేసిన్ కిందా గీజర్‌కీ పెట్టే ఫ్లెక్సిబుల్ పైపు నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, నీళ్లు ఆపేది అదే. అక్కడ లీకైతే వాషర్ నలిగిందేమో, పక్కకి జరిగిందేమో చూడాలి. రెండు పైపుల్ని విప్పుకునేలా కలిపే యూనియన్ పెద్ద నట్టుకీ టేపు అక్కర్లేదు. టేపు కావాల్సింది మరే నీళ్లని ఆపాల్సిన చోట, అంటే నిపుల్, ఎల్బో, సాకెట్, గోడ కుళాయి లాంటివాటికి. వీటిలో బయటి మర, అంటే ఇంకోదాని లోపలికి ఎక్కేది, చాలావరకు కొద్దిగా సన్నబడుతూ ఉంటుంది, 16 మిల్లీమీటర్ల పొడవుకి వ్యాసంలో 1 మిల్లీమీటరు తేడా. లోపలికి వెళ్లేకొద్దీ బిగుసుకునేది అందుకే. ఇంకో సంగతి, అరంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత), ఎన్‌పీటీ (అమెరికా కొలత) మరలు రెండిటికీ అంగుళానికి 14 చుట్లే ఉంటాయి, కాబట్టి ఒకదానిలో ఒకటి ఎక్కినట్టే ఉంటుంది. కానీ మర కోణం బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. ఈ జతకి ఎంత టేపు చుట్టినా నమ్మడానికి లేదు, సరైన ఫిట్టింగ్ తెచ్చుకోవాల్సిందే.

ముందు మెయిన్ వాల్వ్ కట్టేసి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. పాత టేపు ముక్కలూ తుప్పూ వైర్ బ్రష్‌తో పూర్తిగా తీసి, రెండు మరల్నీ పొడిగుడ్డతో తుడవండి. చాలామంది వదిలేసే పని ఇదే. ఇప్పుడు బయటి మర కొన మీవైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో టేపు చుట్టండి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు కొస లేచి మొత్తం ఊడి ముద్దవుతుంది. కొనలోని మొదటి మర వదిలేయండి, లేకపోతే టేపు పీలికలు పైపులోకి వెళ్లి కుళాయి జాలీలో అడ్డం పడతాయి. గాడులు కనిపించేంత బిగువుగా లాగుతూ, సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా, మామూలు పల్చటి టేపైతే నాలుగైదు చుట్లు వేసి, తెంపి, వేలితో నొక్కండి.

రెంచి పట్టుకునే ముందు చేత్తోనే ఎక్కించండి. మొదటి రెండు చుట్లు తేలిగ్గా వెళ్లకపోతే మర వంకరగా పడినట్టే, తీసి మళ్లీ పెట్టండి. చేతికి బిగుసుకున్నాక లోహపు ఫిట్టింగైతే రెంచితో ఒకటి, మహా అయితే రెండు చుట్లు చాలు. ఇంకో రెంచితో అవతలి భాగాన్ని పట్టుకోండి, లేకపోతే ఆ బలమంతా గోడలోని పాత జాయింట్ మీద పడి అది కదులుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: బిగించాక వెనక్కి తిప్పకండి. ఒకసారి నేను కుళాయి మూతి నిటారుగా రావాలని కొంచెం, వేలెడంత కూడా కాదు, వెనక్కి తిప్పాను. రాత్రి పొడిగానే ఉంది, తెల్లారేసరికి గోడ చెమ్మగిల్లింది. వెనక్కి తిరిగితే టేపు నలిగి దారి తెరుచుకుంటుంది, మళ్లీ ముందుకి తిప్పినా అది మూసుకోదు. అందుకే మూతి అనుకున్న చోటికి కాస్త ముందే ఆపి, అక్కడి నుంచి నెమ్మదిగా తేవాలి. దాటిపోతే బద్ధకించకుండా విప్పి, టేపు తీసేసి, ఒక చుట్టు ఎక్కువో తక్కువో వేసి మళ్లీ మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ లోపలి మరలో లోహపు మర బిగిస్తే అది చీలిక మేకు కొట్టినట్టు లోపలి నుంచి తోస్తుంది, కొన్నాళ్లకి ప్లాస్టిక్ పగలొచ్చు. అలాంటి చోట లోపల ఇత్తడి మర పొదిగిన ప్లాస్టిక్ ఫిట్టింగ్ వాడటమే మంచిది, లేదంటే చేతి బిగువు మీద ఒక్క చుట్టుతో ఆపేయాలి. టేపు బదులు మరకి పూసే పేస్టు వాడేవాళ్లు అది ఆ ప్లాస్టిక్‌కీ తాగునీటికీ పనికొస్తుందని డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి. గ్యాస్ పైపులు మాత్రం మీరు ముట్టుకోకండి.

వాల్వ్ ఒక్కసారిగా కాకుండా మెల్లగా తెరవండి, గాలి పోనివ్వండి. జాయింట్‌ని బాగా తుడిచి టిష్యూ కాగితం చుట్టి ఉంచండి, కంటికి కనపడని చెమ్మ కూడా దాని మీద తెలుస్తుంది. చిన్న చెమ్మైతే పావు చుట్టు బిగించి చూడండి, అప్పటికీ ఆగకపోతే విప్పి కొత్తగా చుట్టండి. వేడినీళ్ల పైపైతే ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలి, గోడ మూయించేది ఉంటే మర్నాటిదాకా ఆగి ఆ కాగితం పొడిగా ఉంటేనే మూయించండి.