వయొలిన్‌తో పాడటం – నాలుగో పాఠం: స్వరం నుంచి స్వరానికి జారడం

పోయిన పాఠంలో ఒకే స్వరాన్ని ఎనిమిది లెక్కల పాటు తొణకకుండా కమానుతో లాగడం సాధన చేశాం. ఆ చేయి కుదిరితేనే ఈ పాఠం పట్టుబడుతుంది. ఇంకా కుదరకపోతే మరో నాలుగు రోజులు అక్కడే ఉండండి, నష్టమేమీ లేదు.

ముందు ఒక రికార్డు వినండి. 1903లో బెర్లిన్‌లో వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోఆఖిమ్ తన సొంత రచన, సి మేజర్ రొమాన్స్‌ను వాయించారు. అప్పటికి ఆయన వయసు 72. మైక్రోఫోను లేని రోజులు, శబ్దాన్ని పట్టే పెద్ద బూర ముందు నిలబడి వాయించాల్సిందే. గరగరకు చెవి అలవాటు పడేదాకా రెండు మూడుసార్లు వినండి. ఇవాళ మనం వినే ఎడతెగని వైబ్రాటో (వేలిని ఊపి స్వరాన్ని వణికించడం) అందులో లేదు, ఎక్కడో ఒకచోట వేలు కదులుతుంది, అంతే. అయినా వయొలిన్ పాడుతుంది! ఎందుకంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిని ఆయన దాచలేదు. ఆ దారే పోర్టమెంటో. మరుసటి ఏడాది మరో వయొలిన్ విద్వాంసుడు సరసాతే రికార్డు చేసిన షోపాన్ నాక్టర్న్‌లోనూ ఇదే వినిపిస్తుంది.

ఇప్పుడు వయొలిన్ తీయండి. ఎ తీగ మీద, మొదటి స్థానంలో, అంటే చేయి వయొలిన్ తల దగ్గర ఉంచి, చూపుడు వేలితో బి పట్టుకోండి. చేరవలసింది అదే తీగ మీద, మూడో స్థానంలో, అంటే చేయి మన వైపు జరిగాక, ఉంగరపు వేలితో పలికే ఎఫ్ షార్ప్. చూపుడు వేలిని తీగ మీంచి ఎత్తకుండా డి దాకా జార్చండి. డి విడిగా వినపడకూడదు. అక్కడికి చేరీ చేరగానే ఉంగరపు వేలు ఎఫ్ షార్ప్ మీద వాలాలి. కమాను మారదు, రెండు స్వరాలూ ఒకే లాగులో రావాలి.

కర్ణాటక వయొలిన్ నేర్చినవారికి జారు తెలిసిందే. అయితే అక్కడ తరచుగా ఒకే వేలు చివరిదాకా వెళుతుంది. ఇక్కడ బయలుదేరే వేలు ఒకటి, చేరే వేలు ఇంకొకటి. చేరే వేలే కింది నుంచి జారి రావడం వేరే పద్ధతి. వయొలిన్ గురువు కార్ల్ ఫ్లెష్ ఈ రెంటినీ వేరు చేసి చూపారు. మనకు ప్రస్తుతం మొదటిదే కావాలి.

ఎక్కువమంది తడబడేది ఒత్తిడి దగ్గర. వేలిని గట్టిగా అదిమి జారిస్తే సైరన్ మోత వస్తుంది. కదిలే క్షణంలో వేలూ కమానూ రెండూ తేలికపడాలి, ఎఫ్ షార్ప్ మీద మళ్లీ నిండుగా పలకాలి. జారడానికి పట్టే సమయాన్ని బి నుంచే తీసుకోండి. ఎఫ్ షార్ప్ మాత్రం లెక్కకు సరిగ్గా పడాలి.

ప్రతి రెండు స్వరాల మధ్యా జారితే పాట జిగురుగా తయారవుతుంది. మీకు బాగా వచ్చిన ఒక పాటను ముందు గొంతెత్తి పాడండి. గొంతు తనంతట తాను సాగిన చోట కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. అక్కడే జారండి.

ఈ వారం రోజూ పది నిమిషాలు ఇదే సాధన: ఎ తీగ మీద బి నుంచి ఎఫ్ షార్ప్, డి తీగ మీద ఇ నుంచి బి, జి తీగ మీద ఎ నుంచి ఇ. పెన్సిల్ గీతలున్న కాగితాన్ని దాచి ఉంచండి, వయొలిన్ విద్వాంసుడు క్రైస్లర్ వైబ్రాటోను విని నేర్చుకునే వచ్చే పాఠంలో అది కావాలి.