రెండు పత్రికల లెక్క తేడా కొడుతోందా? ముందు ఎడిషన్ చూడండి

రెండు తెలుగు దినపత్రికలు తీసుకుని, ఒక అంశం మీద ఏది ఎన్ని వార్తలు వేసిందో లెక్కపెట్టి పోల్చడం. ఏటా నా దగ్గరకు వచ్చే జర్నలిజం పీజీ ప్రాజెక్టుల్లో ఎక్కువ ఇవే. కోడింగ్ షీట్ (ఒక్కో వార్త వివరాలు ఒక్కో వరుసలో నింపే పట్టిక) ఎలా గీయాలో, కాలమ్ సెంటీమీటర్లు ఎలా కొలవాలో మీకు తెలిసే ఉంటుంది. లెక్క తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతాను.

ఇద్దరు కోడర్ల లెక్క కలవడం లేదు

కోడర్‌ను, అంటే ఏ వార్త ఏ విభాగంలోకి వస్తుందో గుర్తించే మనిషిని, మార్చకండి. విభాగం నిర్వచనం చూడండి. మిర్చి ధర పడిపోయిందన్న వార్తలో మంత్రి హామీ కూడా ఉంటే అది వ్యవసాయమా, రాజకీయమా? హెడ్డింగు, లీడు (వార్త మొదటి పేరా) దేని గురించి ఉంటే దాని కిందకే వస్తుందని ఒక నియమం కాగితం మీద రాసి పెట్టండి. తర్వాత 20 వార్తలు ఇద్దరూ విడివిడిగా కోడ్ చేసి పోల్చి చూసుకుని, అప్పుడు అసలు పని మొదలుపెట్టండి. ఇద్దరి కోడింగ్ కలిసిన శాతం బాగా వచ్చి, కోహెన్ కప్పా (యాదృచ్ఛికంగా కలిసే అవకాశాన్ని తీసేసి ఏకీభావాన్ని కొలిచే సంఖ్య) తక్కువ వస్తే, వార్తలు దాదాపు అన్నీ ఒకే గడిలో పడ్డాయేమో చూడండి.

ఒక రకం వార్తలే ఎక్కువగా కనిపిస్తున్నాయి

ప్రతి ఏడో రోజు పత్రిక తీసుకుని ఉంటారు. అలా తీస్తే మీ దగ్గర ఉన్నవన్నీ సోమవారాలో, అన్నీ గురువారాలో అవుతాయి. సోమవారాలన్నీ ఒక చోట రాసి అందులో ఒకటి లాటరీ తీయండి. మంగళవారాలకూ అంతే, ఆదివారం దాకా. ఈ ఏడు రోజులూ కలిస్తే ఒక వారం. దినపత్రికకు ఏడాది కాలానికి ఇలాంటి రెండు వారాలు సరిపోతాయని పత్రికల విషయ విశ్లేషణ మీద పరిశోధన చేసిన డేనియల్ రిఫ్ బృందం 1993లోనే తేల్చింది.

రెండు పత్రికల మధ్య తేడా మరీ ఎక్కువగా వచ్చింది

అందరూ సంతోషపడే చోటు ఇదే. నాకు టెన్షన్ మొదలయ్యేదీ ఇక్కడే.

కొన్నేళ్ల కింద ఒక అమ్మాయి మిర్చి రైతుల వార్తల మీద ప్రాజెక్టు చేసింది. ఒక పత్రికలో వచ్చినవి రెండోదానికి మూడింతలున్నాయి. ఒకటి రైతుల పక్షం, ఇంకొకటి పట్టించుకోలేదు అని ముగింపు రాసేసింది. నేనూ సంతకం పెట్టాను. వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న అడిగారు: "ఇవి ఏ ఎడిషనమ్మా?" ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. తిరిగి వెళ్లి చూస్తే మొదటి పత్రిక గుంటూరు ఎడిషన్, రెండోది హైదరాబాద్ సిటీ. మిర్చి యార్డు ఉన్నది గుంటూరులో. అక్కడి పేజీల్లో రోజూ మిర్చి వార్త ఉండకపోతేనే ఆశ్చర్యం. మేం కొలిచింది పత్రికల వైఖరి కాదు, రెండు ఊళ్ల మధ్య దూరం.

ఇది ఎలా జరుగుతుందంటే, తెలుగు పత్రిక పేరుకే ఒకటి. సాక్షి 2008 మార్చిలో ఒకే రోజు 23 ఎడిషన్లతో మొదలైంది. ఒకే తేదీ, ఒకే పేరు, కానీ లోపలి పేజీలు వేరు. మొదటి పేజీ అయినా అన్నిచోట్లా ఒకటే ఉంటుందని నమ్మకండి. దూరం వెళ్లే బండి ముందు కదలాలి కాబట్టి ఆ ఎడిషన్ ముందు మూసేస్తారు. రాత్రి పొద్దుపోయాక జరిగింది సిటీ ఎడిషన్‌లో ఉంటుంది, దూరపు జిల్లాకు ఆ రోజు అందదు. జిల్లా వార్తలను ఒక పత్రిక మెయిన్‌లోనే (ప్రధాన పత్రికలోనే) కలిపి, ఇంకొకటి విడిగా టాబ్లాయిడ్‌లో (చిన్న సైజు జిల్లా అనుబంధంలో) వేస్తే, మెయిన్ మాత్రమే లెక్కపెట్టిన వాళ్లకు రెండోది రైతుల్ని మర్చిపోయినట్టే కనిపిస్తుంది. నేను తిరగేసిన లైబ్రరీ బైండింగుల్లో టాబ్లాయిడ్లు లేనివి చాలా ఉన్నాయి.

ఈ-పేపర్‌తో ఇంకో చిక్కుంది. కొన్ని ఈ-పేపర్లు కిందటిసారి చూసిన ఎడిషన్‌తోనే తెరుచుకుంటాయి. కాలేజీ ల్యాబ్‌లో మీకు ముందు కూర్చున్నతను కరీంనగర్ చూసి లేచిపోతే, మీరు తేదీ మార్చుకుంటూ నెలంతా కరీంనగరే డౌన్‌లోడ్ చేస్తారు. మర్నాడు ఇంకో సిస్టమ్‌లో కూర్చుంటే వరంగల్. ఫైలు పేరులో తేదీ ఒక్కటే పెడతారు కాబట్టి తేడా ఎక్కడా కనపడదు.

పది నిమిషాల్లో తేలిపోయే పరీక్ష చెబుతాను. మీ షీట్ నుంచి ఏవో పది వరుసలు స్నేహితుడికిచ్చి, ఆ వార్తలు వెతికి పట్టుకోమనండి. ఒక్కటి దొరక్కపోయినా ఎడిషన్ కలిసిపోయిందనే ముందు అనుమానించండి. పేజీ పైన తేదీ పక్కన ఊరి పేరుంటుంది, చూడండి. అచ్చు ప్రతి అయితే ఇంప్రింట్ (ప్రచురణ, ముద్రణ వివరాలుండే చిన్న అక్షరాల వరుస) చూడండి. ముద్రించిన చోటు ప్రతి కాపీ మీద వేయాలన్నది 1867 చట్టం నుంచీ ఉన్న నియమం.

సరిచేయడానికి అంతా పారేయనక్కర్లేదు. షీట్‌లో ఎడిషన్, పేజీ, మెయిన్/జిల్లా అని మూడు గడులు పెంచి, ఉన్న ఫైళ్లన్నీ మళ్లీ తెరిచి నింపండి. రెండు పత్రికలకూ ఒకే ఊరి ఎడిషన్ ఖాయం చేసుకుని, దానివి కానివి తీసేసి, లోటు పడిన తేదీలు మాత్రం మళ్లీ తెచ్చుకోండి. పాత తేదీలు ఈ-పేపర్‌లో దొరక్కపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. అక్కడ కూడా ముందు ఎడిషన్ చూసుకున్నాకే రాసుకోండి. ఎక్కడా దొరక్కపోతే పోలిక వదిలేసి, ఎడిషన్ పూర్తిగా ఉన్న ఒక్క పత్రిక మీదే ప్రాజెక్టు నడపండి. శీర్షికలో ఆ ఊరి పేరు రాయండి. గైడ్ ఒప్పుకుంటారు, ఈ కారణం చెబితే.

మిగతావి

పండగ మర్నాడు పత్రిక రాని రోజు శాంపిల్‌లో పడితే దాన్ని సున్నా అని రాయకండి, అదే వారం పేరున్న ఇంకో తేదీ తీయండి. ఈ-పేపర్‌ను జూమ్ చేసి స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచిన సెంటీమీటర్లు చెల్లవు, పేజీలో ఎంత వంతో రాసుకోండి. వార్తాసంస్థ పంపిన (ఏజెన్సీ) వార్త రెండు పత్రికల్లోనూ వస్తే రెండింటికీ లెక్కే.