ఊరి బడిని వేరే బడిలో కలిపేస్తుంటే: తల్లిదండ్రులు అభ్యంతరం రాసిచ్చే విధానం

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గొడవ కొత్తది కాదు. 2021లో 250 మీటర్ల లోపు, 2022లో జీవో 117తో కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతుల పిల్లల్ని పంపారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల బడుల పద్ధతి తెచ్చారు. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ల కోసం మళ్లీ కొందరు పిల్లల బడి మారింది. జీవో ఏదైనా ఇంట్లో టెన్షన్ మాత్రం అదే. ఏడేళ్ల పిల్ల అంత దూరం ఎలా నడుస్తుంది? రోడ్డు ఎవరు దాటిస్తారు? పొద్దున్నే కూలికి వెళ్లే అమ్మ ఒకరిని ఈ బడిలో, ఇంకొకరిని ఆ బడిలో ఎలా దింపుతుంది?

బడికి తాళం వేసి రోడ్డు మీద కూర్చుంటే పేపర్లో ఫొటో వస్తుంది. ఫైలు కదలాలంటే మాత్రం కాగితం కావాలి. ఆ కాగితానికి చట్టంలో చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 ప్రకారం పిల్లల చదువు హక్కుకు సంబంధించిన ఫిర్యాదును ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. వాళ్లు ఇరువైపులా విని మూడు నెలల్లోగా తేల్చాలి. దీనికి ప్రత్యేకమైన ఫారం గానీ ఫీజు గానీ చట్టం పెట్టలేదు, తెల్లకాగితం చాలు. తెలంగాణ తల్లిదండ్రులకూ ఇదే చట్టం. అయితే ఇది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది తరగతుల మార్పు మీద సెక్షన్ 32 పట్టుకుని వెళితే నిలబడదు.

రాసే ముందు చేయాల్సింది

బడిని కలపడానికి అధికారులు చెప్పే కారణం తీసిపారేసేది కాదు. 60 మంది లోపు పిల్లలున్న ప్రైమరీ బడికి చట్టం ఇచ్చేది ఇద్దరు టీచర్లనే. ఇద్దరూ ఐదు తరగతులు చూసుకోవాలి. ఒకరు సెలవు పెడితే ఆ రోజు చదువు ఏ మాత్రమో అందరికీ తెలుసు. కాబట్టి 'మా ఊరి బడి మా ఊళ్లోనే ఉండాలి' అని మాత్రమే రాసిన అర్జీ బల్ల మీదే ఉండిపోతుంది. అధికారి కాదనలేనివి రెండు: దూరం, దారిలో ప్రమాదం.

నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఇది నడిచే దూరం. మ్యాపు మీద రెండు చుక్కలు కలిపి గీసిన గీత కాదు. కాలువకు అటువైపున్న బడి గీతలో 800 మీటర్లు కనిపిస్తుంది, వంతెన చుట్టూ తిరిగి వెళితే రెండు కిలోమీటర్లు దాటుతుంది. అందుకే బడి వేళకు, పుస్తకాల సంచీతో సహా పిల్లను నడిపించుకుంటూ వెళ్లి ఫోన్లో దూరం, పట్టిన సమయం చూసుకోండి. మీ అడుగుల వేగంతో లెక్కేస్తే తప్పు వస్తుంది. రెయిలింగ్ లేని వంతెన, స్పీడ్ బ్రేకర్ లేని హైవే, వానకు మునిగే దారి ఉంటే ఫొటోలు తీయండి.

మీ బడిని దేనితో కలుపుతున్నారు, దూరం ఎంతని రాసుకున్నారు అనే ప్రతిపాదన ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఉంటుంది. నోటితో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10. గడువు 30 రోజులు. జవాబు వచ్చేదాకా అర్జీ ఆపుకోవాల్సిన పని లేదు.

అర్జీలో ఏం రాయాలి

ఊరంతా సంతకాలు పెట్టిన ఒకే కాగితం కన్నా, ప్రతి ఇంటి నుంచి తమ పిల్లల వివరాలతో వేరువేరు కాగితాలు వెళ్లడం మేలు. ఒక్కో కాగితానికి ఒక్కో జవాబు ఇవ్వాల్సి వస్తుంది. నమూనాకు ఇలా:

'మా పాప మూడో తరగతి. ఇంటి నుంచి ఇప్పటి బడి 300 మీటర్లు. కొత్త బడికి నడిచే దారి 1.7 కిలోమీటర్లు, పాపకు 40 నిమిషాలు పట్టింది. దారిలో పంట కాలువ వంతెనకు రెయిలింగ్ లేదు. తర్వాత హైవే దాటాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద ఈ ఫిర్యాదు ఇస్తున్నాను. మూడో తరగతిని పాత బడిలోనే కొనసాగించాలని, అది వీలు కాకపోతే రవాణా సౌకర్యం కల్పించాలని కోరుతున్నాను. నిర్ణయానికి ముందు నా వాదన వినాలి.'

చివరి రెండు వాక్యాలు మర్చిపోవద్దు. బడిని కలిపేయడం ఆగకపోయినా రవాణా దక్కొచ్చు. దూరపు ఆవాసాల పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యానికి వీలుంది. అడగని ఇళ్ల పేర్లు జాబితాలో తప్పిపోవచ్చు.

పిల్లల స్టడీ సర్టిఫికెట్, ఇంటి చిరునామా రుజువు, ఫొటోలు జత చేయండి. స్కూల్ కమిటీ తీర్మానం ఉంటే అర్జీకి బలం. చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. మీటింగు పెట్టమని హెడ్‌మాస్టరును అడగండి, మినిట్స్ పుస్తకంలో రాసిందాకా కదలకండి. ఖాళీ పేజీ మీద సంతకాలు మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

ఎక్కడ ఇవ్వాలి

బడి బోర్డు చూడండి. మండల పరిషత్ బడి అయితే ఎంపీడీఓకు, మున్సిపల్ బడి అయితే మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చి, ఎంఈఓకు, డీఈఓకు కాపీలు పంపండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. మూడు నెలల గడువు లెక్క ఆ తేదీ నుంచే. తీసుకోకపోతే డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టు చేయండి.

సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఇదే అర్జీ కాపీ ఇవ్వొచ్చు. అక్కడ మాత్రమే ఇచ్చి ఊరుకుంటే 'సంబంధిత అధికారికి పంపాం' అని మెసేజ్ వచ్చి అర్జీ ముగిసిపోయే ప్రమాదం ఉంది.

విచారణకు పిలిస్తే ఫొటోలు పట్టుకెళ్లండి, వీలైతే అధికారిని ఆ దారిలోనే నడిచి చూడమని అడగండి. నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. మొదటి అర్జీ, రసీదు, వచ్చిన జవాబు మూడూ జత చేయాలి.

ఈలోగా పిల్లల చదువు

నిరసనగా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. హాజరు తగ్గితే తల్లికి వందనం లాంటి పథకాల దగ్గర ఇబ్బంది మీకే.

కేటాయించిన బడికే వెళ్లాలన్న నియమం కూడా లేదు. ఇంకో ప్రభుత్వ బడి దగ్గరుంటే సెక్షన్ 5 కింద అక్కడికి మారొచ్చు. టీసీ వెంటనే ఇవ్వాల్సిన బాధ్యత పాత బడి హెడ్‌మాస్టరుది, ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య ఆయన మీదే. టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోకపోవడమూ కుదరదు. అయితే కాగితం మీద మారినా ఆన్‌లైన్లో పిల్ల పాత బడిలోనే ఉండిపోతుంటుంది. బడుల, పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పాత బడి వాళ్లు పిల్ల పేరును డ్రాప్ బాక్స్‌లోకి వదిలితే, కొత్త బడి వాళ్లు పెన్ నంబరుతో (పిల్లకు పోర్టల్ ఇచ్చే శాశ్వత నంబరు) తీసుకుంటారు. చేర్పించిన వారంలోగా క్లాస్ టీచర్‌ను అడిగి, పిల్ల పేరు కొత్త బడి జాబితాలో కనిపిస్తోందో లేదో స్క్రీన్ మీద చూపించమనండి.