జలుబు చేసిన రాత్రి నిద్ర పట్టాలంటే పడక ఎలా వేసుకోవాలి?

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు బంధువుల రాకపోకలు ఏడాది పొడవునా తప్పవు. కొండకు వెళ్లి, తలనీలాలిచ్చి, అలిపిరి మెట్లు దిగి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ముక్కు ఎగబీలుస్తూ మా ఇంట్లో రాత్రంతా కూర్చోవడం మామూలే. గుండు చేయించుకోవడం వల్లే జలుబు పట్టిందంటారు. అది నిజం కాదు. జలుబుకు కారణం వైరస్. అందులో రైనోవైరస్ రకాలే వందకు పైగా ఉన్నాయి. గంటల తరబడి జనం మధ్య నిలబడినప్పుడు ఒకరి తుమ్ము నుంచి, చేతుల నుంచి మరొకరికి అంటుతుంది. యాంటీబయాటిక్ దానిమీద పని చేయదు. సాధారణంగా వారం పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ రోజుల్లో మనం దక్కించుకోవలసింది రాత్రి నిద్ర.

కావలసినవి: ఒక మందపాటి బొంత, రెండు దిండ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పు, ఫ్లాస్కులో వేడినీళ్లు.

సాయంత్రం నాలుగు దాటాక ఫిల్టర్ కాఫీ ముట్టవద్దు. రాత్రి ఏడున్నరకల్లా మెత్తగా వండిన అన్నంలో మిరియాల చారు పోసుకుని తినేయండి. ఆ పూట సంగటి, వేరుశనగ చట్నీ వద్దు. జలుబు మాత్ర వేసుకునే ముందు అట్ట వెనక రాసిన మందుల పేర్లు చదవండి. కొన్నింటిలో కెఫీన్ ఉంటుంది, కొన్నింటిలో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ ఉంటుంది. రెండూ నిద్ర చెడగొట్టగలవు. చాలా వాటిలో పారాసెటమాల్ కూడా ఉంటుంది కాబట్టి పైన మరో పారాసెటమాల్ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

పడుకునే అరగంట ముందు ముక్కు శుభ్రం చేసుకోవాలి. గ్లాసుడు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, ఒక్కో ముక్కులో కొద్దికొద్దిగా వేసుకుని మెల్లగా చీదండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడకూడదు, మరగకాచి చల్లార్చినవే వాడాలి. ఆవిరి పట్టుకోవాలనుకుంటే గిన్నె బల్ల మీద పెట్టుకోండి, ఒళ్లో వద్దు. పిల్లలకు ఆవిరి అసలే వద్దు, ఒళ్లు కాలిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి.

ఇక అసలు పని పడక. నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే.

ముక్కు మూసుకుపోవడానికి చీమిడి ఒక్కటే కారణం కాదు. ముక్కు లోపలి పొరల్లోని రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకు చేస్తాయి. ఎంత చీదినా దారి తెరుచుకోనిది అందుకే. వెల్లకిలా సమంగా పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువై ఆ వాపు పెరుగుతుంది, చీమిడి గొంతులోకి జారి దగ్గు లేపుతుంది. కాబట్టి తల ఎత్తులో ఉండాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసి కూడా రెండు మూడు దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి తల పెట్టేస్తారు. అప్పుడు భుజాలు పరుపు మీదే ఉండిపోతాయి, మెడ ఒక్కటే వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. అర్ధరాత్రికి పై దిండు జారిపోతుంది, తెల్లారేసరికి జలుబుకు తోడు మెడ పట్టేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

వాలు నడుము పైనుంచి మొదలవ్వాలి. బొంతను పరుపు కింద తలవైపు పెట్టి, మొదటి మడత నడుము దాకా, రెండోది వీపు మధ్య దాకా, మూడోది భుజాల దాకా వచ్చేలా మడవండి. తలవైపు ఎత్తు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. దానిపైన పలుచటి బూరుగు దూది దిండు ఒక్కటే. స్పాంజి దిండు ఈ పనికి పనికిరాదు. రెండో దిండు మోకాళ్ల కింద పెట్టుకుంటే కిందికి జారిపోరు. పడుకుని ఒకసారి ఉమ్మి మింగి చూడండి. గొంతు నొక్కినట్టుంటే మెడ వంగిందన్నమాట, లేచి మడతలు సరిచేయండి. బద్ధకించి అలాగే పడుకోవద్దు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టేవాళ్లున్నారు. నున్నటి టైల్స్ మీద అవి జారతాయి, బొంతే మేలు.

ఒక ముక్కే మూసుకుపోతే దాన్ని పైకి ఉంచి పక్కకు తిరగండి. కుడి ముక్కు బిగిస్తే ఎడమవైపు పడుకోవాలి. పది నిమిషాలు ఓపిక పడితే పైనున్న ముక్కు తెరుచుకుంటుంది. రెండు నిమిషాలకే అటూ ఇటూ దొర్లేవాళ్లకు ఏ ముక్కూ తెరుచుకోదు.

ఏడాది లోపు పిల్లలకు ఈ వాలు, దిండు ఏవీ వద్దు. గట్టి పరుపు మీద వెల్లకిలా, సమంగానే పడుకోబెట్టాలి. వాళ్లకు తేనె నాకించకూడదు. మన ఇళ్లలో ఎప్పుడూ ఉంటుంది కదా అని కర్పూరం మూటకట్టి పసిపిల్లల మెడలో వేస్తారు, నూనెలో కరిగించి ముక్కుకు రాస్తారు. కర్పూరం కడుపులోకి వెళ్తే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లు ఎంత చెప్పినా వినకండి.

ఫ్యాను ముఖానికి నేరుగా తగలకుండా తిప్పుకుని, కిటికీ ఒక రెక్క తెరిచి ఉంచండి. దగ్గు వస్తే పెద్దవాళ్లు చెంచాడు తేనె తీసుకుని ఫ్లాస్కులోని వేడినీళ్లు రెండు గుక్కలు తాగాలి. ముక్కు దిబ్బడకు వేసుకునే మందు చుక్కలు మూడు రోజులకు మించి వాడితే, అవి మానగానే దిబ్బడ మునుపటికన్నా ఎక్కువవుతుంది.

ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, జ్వరం మూడు రోజులకు తగ్గకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటి వెంట దోమలు. ముక్కు కారకుండా తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి ఉంటే అది జలుబనుకోకండి, డెంగీ పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు.