మల్టీకోర్ బోర్డు మీద గడువు తప్పకుండా మెమరీని పంచడం ఎలా?

చిత్తూరు పరిసరాల్లోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలను కెమెరాతో చూసి ఏరే యంత్రాన్ని పెడుతున్నామనుకుందాం. ఫొటో తీసిన 100 మిల్లీసెకన్లలోపు, దెబ్బతిన్న కాయను పక్కకు నెట్టాలా వద్దా అన్నది తేలిపోవాలి. గడువు దాటితే కాయ ముందుకు వెళ్ళిపోతుంది కనుక, ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు వల్ల ప్రయోజనం ఉండదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులోని నాలుగు కోర్లలో (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలలో) ఒకదాన్ని ఈ పనికే వదిలేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ నాలుగూ 1 ఎంబీ ఎల్2 కాష్‌నూ (తరచూ వాడే డేటాను ప్రాసెసర్ దగ్గరే ఉంచే చిన్న, వేగమైన మెమరీనీ), దాని వెనకున్న ర్యామ్‌నూ పంచుకుంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు కొలవండి. పనిని ఒంటరిగా కొన్ని వేలసార్లు నడిపి, సగటును కాక అత్యధిక సమయాన్ని రాసుకోండి. ఆ తర్వాత మిగతా మూడు కోర్ల మీద స్ట్రెస్-ఎన్‌జీ అనే పరీక్షా ప్రోగ్రాంతో మెమరీ భారం పెట్టి మళ్ళీ కొలవండి. ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఇతర కోర్ల వల్ల కలిగే జాప్యం. భారం ఉన్నప్పుడు కూడా గడువుకు తగినంత వ్యవధి మిగులుతుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు.

మిగలకపోతే, రియల్‌టైమ్ వసతితో (ముఖ్యమైన పనికి ఆలస్యం కాకుండా చూసే ఏర్పాటుతో) బిల్డ్ చేసిన లినక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల ప్రోగ్రాం, వాడండి. 2024లో వచ్చిన లినక్స్ 6.12 నుంచి ఆ వసతి ప్రధాన కెర్నెల్‌లోనే ఉంది. ఐసోల్‌సీపీయూస్ అనే కెర్నెల్ సెట్టింగ్‌తో ఒక కోరును వేరుచేసి, పనికి ఫిఫో ప్రాధాన్యం (అంతకన్నా ముఖ్యమైన పని వస్తే తప్ప మధ్యలో ఆగని పద్ధతి) ఇచ్చి, దాని పేజీలను (అది వాడే మెమరీ ముక్కలను) ర్యామ్‌లోనే ఉండిపోయేలా లాక్ చేయండి.

తర్వాతి మెట్టు మెమరీ వాడకానికి హద్దు పెట్టడం. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. 2013లో వెలువడిన మెమ్‌గార్డ్ పద్ధతిలో ప్రతి కోరుకూ, సాధారణంగా ఒక్కో మిల్లీసెకనుకు, ఇన్ని మెమరీ అభ్యర్థనలని కోటా ఉంటుంది. ప్రాసెసర్‌లోని కౌంటర్ వాటిని లెక్కపెడుతుంది, కోటా అయిపోయిన కోరు తర్వాతి విడత దాకా ఆగుతుంది. కొండ మీద రద్దీ పెరగకుండా తిరుపతిలోనే టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చినట్టు, ఒత్తిడిని మెమరీ దాకా రానివ్వకుండా కోరు దగ్గరే ఆపడమన్నమాట. మొదట ఇతర కోర్లకు చాలా తక్కువ కోటా ఇచ్చి, ముఖ్యమైన పని అత్యధిక సమయాన్ని గమనిస్తూ మెల్లగా పెంచండి.

అప్పటికీ తేడా మిగిలితే కాష్‌ను విభజించాలి. ఈ బోర్డులోని ఎల్2 కాష్ ‘వే’ (way) అనే 16 సమాన భాగాలుగా ఉంటుంది. ఒక్కో వే 64 కేబీ, పేజీ 4 కేబీ కనుక పేజీలను, కాష్‌లో ఏ చోటికి చేరతాయన్నదాన్ని బట్టి, ‘రంగులు’ అనే 16 గుంపులుగా విడదీయవచ్చు. ఏరే పనికి కొన్ని రంగుల పేజీలనే ఇచ్చి, మిగతా పనులకు వేరే రంగులిస్తే ఒకరి డేటాను మరొకరు కాష్ నుంచి తోసేయలేరు. మామూలు లినక్స్‌లో ఈ సౌకర్యం లేదు. బావో వంటి హైపర్‌వైజర్ (ఆపరేటింగ్ సిస్టమ్ కింద ఉండి హార్డ్‌వేర్‌ను పంచే ప్రోగ్రాం) కావాలి. పైగా కాష్‌లో వాటా తగ్గే పనులు నెమ్మదిస్తాయి కాబట్టి దీన్ని చివరికి ఉంచుకోండి.

పనులు ఒకే లాక్‌ను (ఒకసారికి ఒక్క పనినే డేటాను ముట్టుకోనిచ్చే తాళాన్ని) పంచుకుంటే ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ ఉన్న మ్యూటెక్స్‌నే వాడండి. మ్యూటెక్స్ అంటే అలాంటి లాకే; ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ అంటే దాన్ని పట్టుకున్న పనికి, దానికోసం ఎదురుచూసే ముఖ్యమైన పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం. 1997లో అంగారకుడి మీద నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ పదేపదే రీసెట్ అయినది ఆ వసతి ఆన్‌లో లేకనే. భూమి నుంచి దాన్ని ఆన్ చేశాక సమస్య తీరింది.

ప్రతి మార్పు తర్వాత అదే స్ట్రెస్ పరీక్షను మళ్ళీ నడపండి. ఇన్ని చేసినా 100 మిల్లీసెకన్లు దాటుతుంటే ఫొటో రిజల్యూషన్ తగ్గించండి, లేదా కన్వేయర్ వేగం తగ్గించి గడువునే పెంచుకోండి.